తూకానికి రాని జొన్నలు

మొన్నామధ్య మా అన్న కూతురు, ఎమ్మిగనూరులో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకునే పిల్ల, సెలవురోజున ఆదోనిలో మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని, కంచంలో అన్నం చల్లారిపోతున్నా చెయ్యి పెట్టకుండా కూర్చుంది. ఏమైందంటే, ఆమె పంపిన పరిశోధన పేపరును పత్రికవాళ్ళు ప్రశ్నలతో తిప్పి పంపారట. అన్నిటికీ జవాబులు రాసిందిగానీ, ఒక పట్టికలోని అంకెలు ఎందుకు అలా ఉన్నాయని అడిగినదానికి మాత్రం ఆమె దగ్గర జవాబు లేదట. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయింది, ఆ పేపరు నాది కాదు, ఆ అంకెలు నావి కావు. అయినా ఆ మాట వినగానే నా గుండె దడదడలాడింది. ముసలితనం వల్ల వచ్చిన దడ అనుకుంటారేమో, కాదు. అది నేను బాగా ఎరిగిన పాత దడ.

ఇప్పటి పిల్లలకు ప్రశ్న నిమిషంలో వస్తుంది, జవాబు నిమిషంలో పోతుంది. మా రోజుల్లో పేపరు రాయడమంటే పెళ్ళి చేసినంత పని. చేత్తో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, ఎమ్మిగనూరులో టైపు నేర్పే చోటికి బస్సెక్కి తీసుకుపోయి, కార్బన్ కాగితాలు పెట్టించి కొట్టించి, గ్రాఫులు పారదర్శక కాగితం మీద నల్ల సిరాతో మనమే గీసుకుని (చెయ్యి వణికితే ఆ రోజు పని గోవిందా), అన్నీ ఒక కవరులో పెట్టి రిజిస్టరు పోస్టులో పంపి, ఇక పోస్టుమాన్ సైకిలు గంట వినపడినప్పుడల్లా వీధిలోకి తొంగిచూడటమే. నా ఈడువాళ్ళలో ఆ పని చేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, ఆ కవరు మీద అంటించిన స్టాంపుల జిగురు రుచి కూడా వాళ్ళకు గుర్తుకొచ్చి ఉంటుంది.

నా పేపరు జొన్న పాతర్ల మీద. పాతర అంటే తెలియని వాళ్ళుంటారని ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది, అదీ ఒక విచారమే. గట్టి నేలలో బావిలాగా లోతుగా తవ్వి, అడుగునా పక్కలా గడ్డి దట్టంగా పరిచి, జొన్నలు నింపి, నోటికి బండ మూసి మట్టి మెత్తేవాళ్ళు. లోపలి గాలిని గింజలూ పురుగులూ పీల్చేసుకున్నాక పురుగులు ఊపిరాడక చస్తాయి, గింజలు మిగులుతాయి. ఆదోనిలో మా నాయనది ధాన్యం మండీ. గోనెసంచుల్లో పెట్టిన జొన్నలను ముక్కుపురుగు పిండి చేసి పోసేది నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. జంతుశాస్త్రం చదివి కాలేజీలో తాత్కాలిక లెక్చరరుగా చేరాక, పాతరలో పెట్టిన గింజకూ సంచిలో పెట్టిన గింజకూ తేడా ఎంతో తూకం వేసి చూపించాలని బుద్ధి పుట్టింది. నా గైడుగా ఉన్న గురువుగారు వేరే ఊళ్ళో ఉండేవారు. ఆయన ఆ ఏడాది చివర రిటైరవుతారు. అప్పటిలోగా పేపరు అచ్చుకు ఒప్పుకున్నారన్న కాగితం వస్తేనే నా థీసిస్ తీసుకుంటారు, థీసిస్ ఉంటేనే ఆ తాత్కాలిక ఉద్యోగం నిలుస్తుంది. ఆయన తర్వాత ఆ విషయం చూసే గైడు మరొకరు లేరు. అందుకని నా బతుకంతా ఆ ఒక్క కవరులో పెట్టి పంపాననుకోండి.

పాతర్లు చూపించింది నందవరం దగ్గరి ఒక పల్లెలో పెద్దరైతు. మా తాత కాలం నుంచీ ఆ ఇంటి పంట మా మండీకే వచ్చేది. నాయన మాట మీద ఆయన తన పాతర్లన్నీ నాకు ఒప్పగించాడు. నింపేటప్పుడు ప్రతి సంచీ నా ఎదుటే కాటా వేశారు. తీసేటప్పుడు మాత్రం నేను ఆదోని నుంచి మొదటి బస్సుకు బయలుదేరి, ఎమ్మిగనూరులో మారి, చివర నడిచి చేరేసరికి పొద్దెక్కేది. వాళ్ళు అప్పటికే తెల్లవారుజామున బండ తొలగించి, లోపలి చెడ్డగాలి పోవడానికి నోరు తెరిచి ఉంచేవాళ్ళు. నేను వెళ్ళాక, లోపల ఊపిరాడుతుందా అని చూడటానికి తాడు కట్టిన లాంతరును దింపేవాళ్ళు. మొదటిసారి ఆ దీపం సగం దూరంలోనే ఎవరో నోటితో ఊదినట్లు ఆరిపోవడం చూసి, ఏమీ తెలియని ఉత్సాహంతో నేను థర్మామీటరు పట్టుకుని అంచుకు వంగితే, పెద్దరైతు నా జడ పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ ఇంట్లో పనికి ఉండి, పాతర్లోకి దిగి గింజలు అందించే మనిషి మాత్రం, దీపం నిలిచేదాకా ఓపికగా బీడీ కాల్చుకుంటూ కూర్చుని, నిలిచాక దిగాడు.

నెలలు గడిచాక పత్రిక నుంచి కవరు వచ్చింది. పత్రిక తరఫున చదివి తీర్పు చెప్పే ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకాయన బాగుందన్నాడు. రెండో ఆయన, పేరు తెలియదు, ఊరు తెలియదు, ఈరోజుకీ తెలియదు, ఒక్క ప్రశ్న వేశాడు. నేను పట్టికలో తరుగును నూటికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చాను. అలా చూస్తే చిన్న పాతర్లలో తరుగు ఎక్కువగానూ పెద్దవాటిలో తక్కువగానూ కనిపించింది. చిన్న పాతరలో గోడల చెమ్మ ఎక్కువ తగులుతుందని దానికి నేను ఒక పేరా కారణం కూడా అల్లి, అది నా పేపరులోకెల్లా తెలివైన పేరా అని మురిసిపోయి ఉన్నాను. ఆ మహానుభావుడు కూర్చుని నా శాతాలను మళ్ళీ తూకాల్లోకి మార్చి చూశాడు. పాతర చిన్నదైనా పెద్దదైనా తగ్గిన తూకం దాదాపు ఒక్కటేనని తేలింది. పురుగులు ఇలా సమానంగా పంచుకుని తినవు, ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో రచయిత వివరించాలి అని రాశాడు. గడువులోగా జవాబు రాకపోతే పేపరును వెనక్కి తీసుకున్నట్లు భావిస్తామని కింద సంపాదకుడి మాట.

మర్యాదగా రాసిన ఆ వాక్యానికి అర్థం, ఈ అమ్మాయి ఇంట్లో కూర్చుని అంకెలు వేసిందని. గురువుగారికి రాస్తే, తూకం నీ కళ్ళతో చూశావా అని ఒకే ఒక్క వాక్యం జవాబు వచ్చింది. అన్నేళ్ళు నన్ను చూసిన మనిషి అలా అడిగాడన్న బాధ ఈరోజుకీ నాకు పోలేదు, దాచడం దేనికి. కాలేజీలో నా పక్క కుర్చీ సీనియరేమో, దీనికింత ఆలోచనెందుకు, అంకెలను కొంచెం అటూ ఇటూ సర్దు, పాతర్లోకి దిగి చూసేదెవరని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు వచ్చిన కోపంలో సగం నా మీదే. ఎందుకంటే ఆ ఆలోచన నాకు అంతకుముందు రాలేదని చెప్పలేను. కానీ ఒక్కటి మాత్రం నాకు రూఢిగా తెలుసు. ప్రతి పాతర నుంచీ ఒకే కొలత జొన్నలు మాయమయ్యాయంటే, అది పురుగు పని కాదు, చెమ్మ పని కాదు, మనిషి చెయ్యి.

అడగాలంటే ఆ ఇంటికే వెళ్ళి అడగాలి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. విషయం చెప్పగానే నాయన ముఖం మాడిపోయింది.

"ఆ ఇంట్ల గింజల లెక్క అడిగేదంటే ముఖం మీద ఉమ్మినట్లే పాపా. నీ పేపరు ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు వస్తాది. పోయిన మాట వస్తాదా?"

వచ్చే ఏడు రాదు నాయనా అని ఎలా చెప్పను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను అడిగితే తరాల నుంచి ఉన్న నమ్మకం తెగుతుంది, మండీకి ఆ ఊరి పంటే రాకుండా పోవచ్చు. అంతకన్నా ఘోరం, అనుమానం ముందు ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు. పాతర్లోకి దిగేవాడి మీద. అతనిది కోసిగి వైపు. పనుల్లేని కాలంలో ఊరంతా వలసపోతే, ఈ ఇంటి పని ఉందన్న ధీమాతో భార్యాపిల్లలను పెట్టుకుని ఇక్కడ నిలిచినవాడు. అడగకపోతే నేను అబద్ధాలకోరునని ఒక పత్రిక ఫైలులో ఎప్పటికీ ఉండిపోతుంది. గడువు దగ్గరపడేదాకా కొట్టుమిట్టాడి, ఒక ఉదయం చెప్పకుండానే బస్టాండుకు వెళ్ళాను. బస్సు కదిలాక చూస్తే ముందు సీట్లో నాయన. ఎమ్మిగనూరులో దిగి, రెండు అరటిపళ్ళు కొని ఒకటి నా చేతిలో పెట్టాడు.

పెద్దరైతు ఇంట్లో మజ్జిగలిచ్చారు. నాయన వానల గురించి ఎత్తాడు, తర్వాత పత్తి ధర, తర్వాత మళ్ళీ వానలే. ఇక ఆగలేక, ఉన్నదున్నట్లు చెప్పేశాను. పోసిన తూకం ఇది, తీసిన తూకం ఇది, పురుగు తిన్నది పోగా ప్రతి పాతరలో ఇంత తక్కువ వస్తోంది, ఎందుకో మీకేమైనా తెలుసా అని. గొంతు ఎంత మెత్తగా పెట్టినా ఆ మాట మెత్తగా రాలేదు. మా నాయన పైకండువాతో ముఖం తుడుచుకుంటూ నేల చూశాడు.

"అంటే ఏమంటావమ్మా? మా ఇంట్ల దొంగలుండారనా?" అన్నాడు పెద్దరైతు. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నయమనిపించింది. అరుగు మీద కూర్చున్న కొడుకులిద్దరూ లేచి నిలబడ్డారు. నేననుకున్నంతా అయింది. పాతర్లోకి దిగే మనిషిని పిలిపించారు. అతను పశువుల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని, నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నుంచి నేను ఈరోజుకీ ముఖం తిప్పుకోలేకపోయాను.

"ఈరన్న సాచ్చిగా సెప్తాండా. ఒక్క గింజ గూడా నేను యాడికీ తీస్కపోలేదు" అన్నాడతను.

వంటింటి గడపలో నిలబడి ఇదంతా వింటున్న పెద్దరైతు భార్య, నేను అవ్వా అని పిలిచే ఆవిడ, అప్పుడు నోరు తెరిచింది. ఆవిడకు నా లెక్కలు పట్టలేదు, దొంగతనం మాటా పట్టలేదు. ఆవిడకు పట్టింది ఒక్క ఒట్టే.

"ఊరికే ఈరన్న మీద ఆన బెట్టొద్దప్పా. ఆయన బుట్ట ఆయనకు ముందే తీసిపెట్నాము గదా. ఆయన సూస్తానే ఉంటాడు."

ఏ బుట్ట అవ్వా అని అడిగాను.

"పాతర నోరు తీస్తానే మొదటి బుట్ట ఆయనది. శ్రావణంలో ఉరుకుందకు పోతాది, ఆడ వచ్చినోళ్ళకు వండి పెడతారు. అది మాది కాదు గదమ్మా, మా లెక్కలోకి యాల వస్తాది?"

మీదు అంటారు దాన్ని, ఉరుకుంద గుడిలో ఉండే ఈరన్న దేవుడి పేరు మీద ముందే తీసిపెట్టేసిన భాగం. చీకటితోనే బండ తొలగించగానే, నేను ఆదోని బస్టాండులో ఉండగానే, ఆవిడ స్నానం చేసి వచ్చి పాతర నోట్లోంచి చేత్తో అందినంతలో, అంచు పైన కుప్పగా శిగ నిలిచేలా ఒక బుట్టెడు తీసి దేవుడింట్లో పెట్టేది. చిన్న పాతరైనా అదే బుట్ట, పెద్ద పాతరైనా అదే బుట్ట. నా దగ్గర ఎవరూ ఏదీ దాచలేదు. పెద్దరైతుకు కూడా అది తట్టలేదంటే తట్టలేదు, ఎందుకంటే ఆయన లెక్క ప్రకారం ఆ గింజలు పాతర్లో ఉన్నప్పుడే ఆయనవి కావు. కొడుకులు మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. పాతర్లోకి దిగే మనిషి తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, నవ్వీ నవ్వనట్లు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

కానీ కథ కంచికి పోలేదు. పత్రిక తరఫున ప్రశ్న వేసిన ఆ రెండో ఆయనకు కారణం ఒక్కటే చాలదు, తూకం కావాలి. ఆ బుట్టలో ఎంత పడుతుందో తూచి చూస్తానంటే అవ్వ ముఖం ముడుచుకుంది.

"దేవుని మీదు ఎవరన్నా తూకమేస్తారా? తూకమేస్తే అది బేరమైతాది" అంది.

వచ్చినప్పటి నుంచీ నేల చూపులు చూస్తున్న నాయన అప్పుడు తలెత్తి, "గింజలు మీవి వద్దమ్మా. బుట్ట ఒక్కటి ఇయ్యి. మా మండీ జొన్నలు పోసి సూసుకుంటాము" అన్నాడు. అవ్వ కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళి, పసుపు ఆనవాలు పట్టిన వెదురుబుట్ట తెచ్చి నా చేతికి కాదు, నాయన చేతికి ఇచ్చింది. మట్టినేల మీద పెట్టొద్దంది, తిరిగి ఖాళీగా పంపొద్దంది. బస్సు దాకా దాన్ని పాతర్లోకి దిగే మనిషే మోసుకొచ్చాడు. దారిలో నేను క్షమాపణ చెప్పబోతే, పోనీలేమ్మా, సదువుకున్నోళ్ళకు అన్నీ అడగాల్సి వస్తాది అన్నాడు. బస్సులో నాయన ఆ బుట్టను చంటిపిల్లను పెట్టుకున్నట్లు ఒళ్ళో పెట్టుకుని ఆదోని దాకా వచ్చాడు.

మర్నాడు నాయన స్నానం చేసి, మండీలో గుడ్డ పరిచి, తనే జొన్నలు పోశాడు. ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చేతితో కొలత పోస్తే అంచుకు సమానంగా అరచేత్తో తుడిచేవాడు, ఒక్క గింజ పైకి నిలిచేది కాదు, ఊళ్ళో దాని మీద హాస్యాలు కూడా ఉండేవి. ఆ రోజు మాత్రం అవ్వ పోసినట్లు శిగ నిలిచి పక్కలకు పొర్లేదాకా పోస్తుంటే హమాలీలు పని ఆపి చూశారు. బుట్ట నింపుతూ మొదటి చేరెడుకు, ఒకటి అనకుండా మండీ అలవాటు కొద్దీ లాభం అన్నాడు. కాటా ముల్లు ఊగుతున్నంతసేపూ నేను పాతర్లోకి దింపిన లాంతరును చూసినట్లు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ముల్లు ఆగింది. బుట్ట తూకం తీసేస్తే, ఆ రెండో ఆయన కనిపెట్టిన తరుగుకూ దీనికీ పిడికెడు తేడా. నమ్మలేక మళ్ళీ మళ్ళీ పోయించాను. నాయన విసుక్కోకుండా పోస్తూనే ఉన్నాడు.

తర్వాత గురువుగారితో ఉత్తరాల యుద్ధం. ఆయన నాపై నమ్మకం తిరిగి తెచ్చుకున్నారు గానీ, దేవుడూ బుట్టా శాస్త్ర పత్రికలో ఏమిటని, ఎత్తడం దించడంలో పోయిన గింజ అని రాసేయమన్నారు. అది అబద్ధం, ఒక్క గింజ పోలేదని నేను. ఆయన ఎర్రసిరాతో కొట్టేయడం, నేను మళ్ళీ రాయడం. చివరికి, ఆ ఇంటివారి ఆచారం ప్రకారం తూకానికి ముందే ఒక బుట్ట గింజలు తీసి పక్కన పెడతారు, ఆ బుట్ట కొలతను విడిగా నిర్ణయించాము అన్న ఒక్క వాక్యానికి ఒప్పుకున్నారు. నా తెలివైన చెమ్మ పేరా మొత్తం ఎగిరిపోయింది. బుట్ట తూకం కలిపి లెక్క వేస్తే, పాతర ముందు గోనెసంచి ఏ రకంగానూ నిలవదని ఇంకా గట్టిగా తేలింది. ఆ ఏడాది ముగియకముందే ఒప్పుకున్నట్లు కాగితం వచ్చింది. అచ్చు కాపీలు వచ్చినరోజు నాయన, ఇంగ్లీషు అక్షరం రానివాడు, మన బుట్ట యాడుంది చూపించమని, నేను చూపిన అంకె మీద వేలు పెట్టి, మూలన కుంకుమ బొట్టు పెట్టి, ఒక కాపీని మండీలో పటాల పక్కన పెట్టుకున్నాడు. అవ్వ బుట్టను అంతకుముందే, తూచిన ఆ జొన్నలతోనే నిండుగా, శిగ నిలిచేలా పోసి, తనే వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఇదంతా చెప్పేసరికి మా అన్న కూతురు అన్నం తినడం ముగించింది. తన పట్టికలో తేడా ఎక్కడుందో ఎమ్మిగనూరులో ఎవరిని అడగాలో ఆమెకు తోచిందట. వెళ్ళేముందు ల్యాప్‌టాప్‌లో నా పేపరు పేరు కొడితే, ఎవరో ఎక్కించిన కాపీ, ఒక పక్కకు ఒరిగి, అక్షరాలు మసకబారి కనపడింది. అందులో ఆ ఒక్క వాక్యమూ ఉంది. మళ్ళీ ఎవరైనా ఇది చేసి చూశారా అత్తా అని అడిగింది. పరిశోధన అన్నాక ఎవరైనా మళ్ళీ చేసి సరిచూసుకోగలగాలి కదా, పాఠంలో మేమిద్దరం చెప్పేది అదే.

ఆ ఊరికి నేను నిరుడు వెళ్ళాను. పాతర్లన్నీ పూడ్చేసి సిమెంటు రోడ్డు వేశారు, ఒక బండ మాత్రం వీధి కుళాయి దగ్గర బట్టలుతుక్కోవడానికి పనికొస్తోంది. పొలాల్లో పత్తి, జొన్న వేసేవాళ్ళే అరుదు. పెద్దరైతూ లేడు, అవ్వా లేదు, పాతర్లోకి దిగే మనిషి పిల్లలు వలసపోయి అటే ఉండిపోయారట. మా మండీ కూడా ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. నా పేపరులో రాసినది సరైనదో కాదో ఇక ఎవరూ సరిచూడలేరు. కానీ మసకబారిన ఆ పట్టికలో ఒక అంకెను మాత్రం నేను కళ్ళు మూసుకుని చూపించగలను. అది పాతర జొన్నలది కాదు, దేవుడి జొన్నలదీ కాదు. మా నాయన జీవితంలో మొదటిసారి అరచేత్తో అంచు తుడవకుండా పోసిన మండీ జొన్నలది, ఆ జొన్నలూ చివరికి ఉరుకుందకే పోయాయి.